జొన్నదంటు బండి, మట్టెద్దుల జత: పని డైరీ

మొదటి నాలుగు ఆట బండ్లు, మొదటి రెండు జతల మట్టెద్దులు పనికిరాకుండా పోయినాయి. ఐదో బండి, మూడో జత నిలబడ్డాయి. ఎవరైనా తమ పిల్లలకు చేసివ్వాలనుకుంటే ఆ ఆరు తప్పులు మళ్లీ చేయకుండా ఉంటారని కొలతలతో సహా రాసిపెడుతున్నా.

మాది ఆదోని నుంచి ఆలూరు పోయే దారిలో ఒక ఊరు. నేను ఉండేది కర్నూలులో. మోటార్లు రివైండింగ్ చేసే చిన్న షాపు నాది. కాబట్టి ఈ పని ఆదివారాలే. చేసింది నేనూ, మా అక్క కొడుకూ. వాడికి తొమ్మిదేళ్లు. తప్పులు పట్టింది మా అవ్వ. గడువు 2025 జూన్ 25, జ్యేష్ఠ అమావాస్య. మా వైపు మట్టెద్దుల అమావాస్య అంటారు. సరిహద్దు దాటితే కన్నడంలో మణ్ణెత్తిన అమావాస్యె. ఆ పొద్దు మట్టి ఎద్దుల జతను ఇంట్లో పెట్టి పూజ చేస్తారు, పూజయ్యాక అవి పిల్లల చేతికొస్తాయి.

షరతు ఒక్కటే. ఫెవికాల్, రాగి తీగ వాడకూడదు. మా షాపు నిండా రాగి తీగే, అందుకే ఈ షరతు అందరికంటే నాకే ఎక్కువ. పాత చెప్పు, అయిపోయిన పెన్ను, సైకిల్ స్పోక్ లాంటివి ఊరి పిల్లలు ఎప్పటినుంచో వాడేవే, వాటికి అడ్డు లేదు.

సామాన్లు: షేవింగ్ బ్లేడ్లు, ఆక్సా బ్లేడు ముక్క ఒకటి, నూలు దారం, షాపులో కొలతలకు వాడే వెర్నియర్, వంటింటి తూకం మిషను, గోనెపట్టలు రెండు, జల్లెడ.

మొదటి దశ: దంటు కోసం తిరుగుడు

మే 4, ఆదివారం.

జొన్నదంటు అంటే ఊర్లో అడుగడుగునా ఉంటుందనుకున్నా. లేదు. మా ఊరి చేలల్లో ఇప్పుడు ఎక్కడ చూసినా పత్తే. మా చిన్నప్పుడు ప్రతి దొడ్డిలో సొప్ప వామి ఉండేది. ఈ పొద్దు మూడు వీధులు తిరిగితే ఒక్క ఇంట్లో దొరికింది, అదీ హైబ్రిడ్ సొప్ప. పొట్టి మొక్క, కణుపులు దగ్గర దగ్గర. వెర్నియర్ పెట్టి చూస్తే కణుపుకీ కణుపుకీ మధ్య 9 నుంచి 11 సెంటీమీటర్లు. గాను (బండి చక్రం) చుట్టడానికి ఇది పనికిరాదని అప్పుడు తెలియలేదు, ఓ పది దంట్లు తెచ్చుకున్నా. తర్వాత అవి బర్రెకు వేశాం.

పనికొచ్చింది కోవెలకుంట్ల దగ్గరి స్నేహితుడు పంపిన పచ్చజొన్న దంట్ల కట్ట. నల్లరేగడిలో పండిన పైరు, ఫిబ్రవరిలో కోసింది, మూడు నెలలు వామిలో ఎండింది. 40 దంట్లు. కణుపుల మధ్య 17 నుంచి 20 సెంటీమీటర్లు, లావు 13 నుంచి 16 మిల్లీమీటర్లు.

దంటు ఎంచుకునే పద్ధతి:

1. బొటనవేలి గోరుతో దంటు లోపలి మెత్తటి బెండు మీద నొక్కండి. గుంత పడి మెల్లగా పైకి లేవాలి. లేవకపోతే లోపల పురుగు తిన్నట్టు.
2. దంటు చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. పొడి రాలిన చప్పుడొస్తే పక్కన పడేయండి.
3. పచ్చి దంటు వద్దు. ఒకటి ప్రయత్నించా. తీపి రసం ఉంటుంది కాబట్టి రాత్రికి చీమలు వరస కట్టాయి, తెల్లారేసరికి బెండు ముడుచుకుపోయింది.

ఇంకొక సంగతి. పిల్లలు దంటు బెరడు పళ్లతో చీలుస్తారు, మేమూ అట్లాగే చేశాం. బెరడు అంచు బ్లేడు కంటే మోసం, పెదవి తెగేది తెలియదు. కోసిన మొదట్లోంచి మళ్లీ మొలిచే లేత పిలకలనైతే అసలే నోట్లో పెట్టనివ్వకండి. వాటిలో పశువును చంపేంత విషం ఉంటుంది. పిలక జొన్నలో పశువును దిగనివ్వని రైతుకు ఈ సంగతి చెప్పక్కర్లేదు, టౌనులో పెరిగిన పిల్లలకు చెప్పాలి.

ఇప్పటిదాకా: 3 గంటలు. ఖర్చు 25 రూపాయలు (బ్లేడ్లు 10, నూలు ఉండ 15).

రెండో దశ: ఒకటో బండి, రెండో బండి

మే 11, ఆదివారం.

దంటు పనిలో ఉండే సూత్రం తెలియని వాళ్లకు రెండు మాటలు. దంటును చీలిస్తే రెండు వస్తువులొస్తాయి. పైన గట్టి బెరడు, దాన్ని సన్నగా చీల్చుకుంటే దబ్బలు. లోపల తెల్లటి మెత్తటి బెండు. దబ్బ కొనను ఏటవాలుగా కోసి బెండులో గుచ్చితే అదే మేకు, అదే జిగురు. బండి మొత్తం ఇంతే. కండ్లద్దాలైనా, కుర్చీ అయినా, మంచమైనా ఇంతే.

ఒకటో బండికి దబ్బలు వంగలేదు. ఎండిన బెరడు వంచగానే టప్పుమని విరిగింది. నాలుగు విరిగాక నేను తెలివి ఉపయోగించి దంట్లన్నీ, బెండుతో సహా, తొట్టిలో నానేశా. అరగంట తర్వాత దబ్బలు చక్కగా వంగాయి. బండి తయారైంది. వాడు గంతులేశాడు, ఫోటో తీశాం.

మే 12 పొద్దున చూస్తే బండి నేల మీద పడి ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. నీళ్లు తాగిన బెండు ఉబ్బి దబ్బలను గట్టిగా పట్టింది, ఎండగానే కుంచించుకుపోయింది. కొలిచా. 14.0 మిల్లీమీటర్ల బెండు నానాక 15.1, ఎండాక 13.2. అంటే మొదటి కంటే కూడా తగ్గింది, దబ్బ గుచ్చిన చిల్లి మాత్రం వెడల్పుగానే ఉండిపోయింది. ప్రతి అతుకూ వదులే. లాగకముందే కూలిన బండి కాబట్టి నడిచిన దూరం సున్నా.

అవ్వ చూసి అన్న మాట: "బెండుకు నీళ్లు యాంటికి తాపినావు రా? నీళ్లు దబ్బకు, ఎండ బెండుకు."

ఆ ఒక్క వాక్యం ముందే చెప్పి ఉంటే ఒక వారం మిగిలేది. అడగందే ఆమె ఏదీ చెప్పదు, చిన్నప్పటినుంచీ అంతే.

రెండో బండికి పద్ధతి మార్చింది ఇట్లా:

1. ముందు దంటు చీల్చి దబ్బలు వేరు, బెండు వేరు చేయాలి.
2. దబ్బలు మాత్రమే 20 నిమిషాలు నీళ్లలో. అంతకంటే ఎక్కువైతే లోపలి పీచు రేగుతుంది.
3. నీళ్లలోంచి తీసిన దబ్బను గ్లాసు చుట్టూ వంచి దారంతో కట్టి, నీడలో ఒక రాత్రి ఆరబెట్టాలి.
4. వంపు నిలిచిన దబ్బనే ఎండు బెండులో గుచ్చాలి.

అతుకులు పట్టాయి. బండి నిలబడింది. గాన్లు మాత్రం కోడిగుడ్డు ఆకారంలో వచ్చాయి. వాకిట్లో 3 మీటర్లు పోయి పక్కకు పడింది.

ఇప్పటిదాకా: 8 గంటలు. 25 రూపాయలు. వాడిన దంట్లు 11.

మూడో దశ: గాను

ఈ మొత్తం పనిలో సగం కష్టం ఇక్కడే. మూడు ఆదివారాలు దీనికే పోయాయి. తొందరున్నవాళ్లు కింది అంకెలు మాత్రం రాసుకోండి.

మే 18.

గాను ఎంత ఉండాలన్న దగ్గరే తగాదా. నా లెక్క ప్రకారం ఒక కణుపు మధ్యలో వచ్చే దబ్బ 19 సెంటీమీటర్లు. ఒకదాని మీద ఒకటి ఎక్కించడానికి 2 పోతే మిగిలేది 17, అంటే 5.4 సెంటీమీటర్ల అడ్డకొలత గాను. సులువు. వాడు ఒప్పుకోలేదు.

"అది బండి గాను కాదు మామా, గాజు. గాను ఎద్దు కడుపు దాకా రావాల."

వాడన్నది నిజమే. ఇంటి వెనక మా అబ్బ (తాత) కాలం నాటి కర్ర గాను ఒకటి గోడకు ఆనించి ఉంది. చుట్టూ ఉండే ఇనప కమ్మి పోయింది, కర్ర మిగిలింది. లెక్కబెడితే 12 ఆకులు (నడిమి నుంచి అంచుకు పోయే చువ్వలు), 6 పూటీలు (అంచు ముక్కలు). పక్కన నిలబడితే నా ఛాతీ దాకా వచ్చింది. దాన్ని చూశాక 10 సెంటీమీటర్ల గాను చేయాలని తేలింది. చుట్టుకొలత 31.4. అంత పొడుగు దబ్బ కావాలంటే మధ్యలో కణుపు వస్తుంది. కణుపు దగ్గర దబ్బ వంగదు, విరుగుతుంది. ఎంత నానేసినా అంతే. ఏడు దబ్బలు విరిచాక వదిలేశా.

మూడో బండికి రెండు సగాలు చేశా. ఒక్కో దబ్బ 17 సెంటీమీటర్లు, రెండు కొనలనూ చిన్న బెండు ముక్కల్లో గుచ్చా. గుండ్రంగానే వచ్చింది. అయితే బెండు ముక్కలు నేలకు తగిలి టకటకమని చప్పుడు. వాడికి ఆ చప్పుడు తెగ నచ్చింది. ప్రతి తగులుకూ ముక్క కొంచెం వదులై, 9 మీటర్ల దగ్గర గాను విడిపోయి సగం చందమామ లాగా దొర్లింది.

మే 25.

రాత్రి వాన పడింది. గాలిలో చెమ్మ ఉంటే వంచిన దబ్బ రాత్రికి రాత్రి ఆరదు, కట్టు విప్పగానే తిరిగి తెరుచుకుంది. పొయ్యి దగ్గర మూరెడు దూరంలో రెండు గంటలు పెట్టాక నిలిచింది. మరీ దగ్గర పెట్టిన దబ్బ ఒకటి పెళుసైపోయి విరిగింది.

ఈసారి బెండు ముక్కలు తీసేశా. రెండు దబ్బల కొనలను 3 సెంటీమీటర్ల మేర ఒకదాని మీద ఒకటి ఎక్కించి నూలు దారంతో చుట్టా. దారం జారిపోయింది. జొన్న బెరడు మీద తెల్లటి మైనపు పొర ఉంటుంది, గోటితో గీకితే వస్తుంది. కట్టు వచ్చే చోట బ్లేడు వెనక వైపుతో ఆ పొర గీకి, తర్వాత చుట్టండి. పన్నెండు చుట్లు చాలు. ఈ చిన్న పనితో గాను అతుకు సమస్య తీరిపోయింది.

ఇక ఆకులు. 12 ఆకులు 14 మిల్లీమీటర్ల బెండు కుండలో (గాను నడిమి దిమ్మలో) గుచ్చితే ఎనిమిదో ఆకుకే కుండ రెండుగా చీలింది. ఆరుకు తగ్గించా. ఆరూ ఒకే వరుసలో ఉంటే అప్పుడూ చీలింది. పాత కర్ర గానును బోర్లించి చూస్తే అందులో ఆకులు ఒకే వరుసలో లేవు, ఒకటి ముందుకు ఒకటి వెనక్కి దిగి ఉన్నాయి. నలభై ఏళ్లుగా ఆ గాను పక్కనుంచే దొడ్డికి పోతున్నా, ఒక్కనాడూ కనిపించలేదు. అదే చేశా. మూడు ఆకులు ముందు వరుస, మూడు వెనక వరుస, మధ్య ఎడం 4 మిల్లీమీటర్లు. కుండ చీలలేదు. పైగా గాను పక్కకు ఊగడం కూడా తగ్గింది, రెండు వైపులనుంచీ లాగిపెట్టినట్టు అయింది కదా.

జూన్ 1.

ఇరుసు. నాలుగో బండికి సైకిల్ స్పోక్ ఇరుసు, మందం 2 మిల్లీమీటర్లు. స్పోక్ కదలకుండా ఉంటుంది, గాను దాని మీద తిరుగుతుంది, నిజం బండి లాగానే. పది తిప్పులకే బెండులో చిల్లి పెద్దదైంది. బెండుకు లోపల గొట్టం వేద్దామని మామూలు పెన్ను రీఫిల్ ముక్క చూస్తే స్పోక్ దూరలేదు. జెల్ పెన్ను రీఫిల్ అయితే లోపల 4 మిల్లీమీటర్లు, వదులు. ఆముదపు ఆకు కాడ కూడా చూశాం, సబ్బు బుడగలు ఊదే గొట్టం అదే. రెండో రోజుకు ముడుచుకుపోయింది.

జెల్ రీఫిల్‌తోనే లాగి చూస్తే గాను తాగినవాడిలా ఊగింది. ఎందుకో కాగితం మీద వేసుకున్నా. 2 మిల్లీమీటర్ల వదులు, కుండ మందం 14 మిల్లీమీటర్లు, గాను సగం అడ్డకొలత 50. అంటే అంచు దగ్గర దాదాపు 7 మిల్లీమీటర్ల ఊగు. 14 మీటర్లు పోయి గాను బండి పక్కకు రాసుకుని ఆకులు విరిగాయి.

అదే వదులును కుండలోంచి తీసి బండి కింద పెడితే? రెండు రీఫిల్ ముక్కలను 80 మిల్లీమీటర్ల ఎడంతో బండి పరుపు (సామాను పెట్టే చదును భాగం) కింద కట్టి, గాన్లను ఇరుసుకే బిగించి, ఇరుసును తిప్పితే ఊగు లెక్కకు 1.2 మిల్లీమీటర్లే. కుండకు రెండు వైపులా పాత హవాయి చెప్పు రబ్బరు బిళ్లలు (అడ్డకొలత 25) ఎక్కిస్తే అవి స్పోక్‌ను గట్టిగా పట్టాయి. అదే ఐదో బండి.

అవ్వకు చూపిస్తే, "ఇరుసు తిరిగే బండి యాడన్నా చూసినావా? మీ అబ్బ చూసింటే బండి దించి నిన్ను కాడికి కట్టింటాడు" అంది. నిజమే, ఇది అసలు బండి పద్ధతి కాదు. మలుపులో ఒక గాను తిరగకుండా నేల మీద జారుతుంది కూడా. తూకం 46 గ్రాములు కాబట్టి జారినా నష్టం లేదు. అసలు పద్ధతిలోనే చేయగలిగినవాళ్లుంటే, కుండలో ఏం వేశారో చూడాలని నాకుంది.

ఐదో బండి కొలతలు: పరుపు 18 × 9 సెంటీమీటర్లు, నొగ (కాడి దాకా పోయే పొడుగు కర్ర) 22, కాడి 14, గాను 10, గాను జారిపోకుండా పెట్టే సీలకు బదులు రబ్బరు బిళ్ల. వాకిట్లో ఆ చివరినుంచి ఈ చివరికి 12 మీటర్లు, ఇరవై సార్లు తిరిగింది.

ఇప్పటిదాకా: 19 గంటలు. 35 రూపాయలు (స్పోక్ పుల్లలకు 10). దంట్లు 25.

నాలుగో దశ: మట్టి

జూన్ 1న నాలుగు పట్టీలు వేశా, జూన్ 8న కొలిచా. ఒక్కో పట్టీ మీద పుల్లతో సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీసి, నీడలో ఏడు రోజులు ఆరబెట్టాం. ఆరాక గీత పొడుగు:

ఒకటి, వట్టి నల్లరేగడి: 8.6. మూడు ముక్కలైంది.
రెండు, రేగడి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు: 9.1. మధ్యలో ఒక నెర్రె.
మూడు, చెరువు ఒండ్రు మూడు పాళ్లు, ఇసుక ఒక పాలు: 9.4. నెర్రెలు లేవు.
నాలుగు, మూడో మట్టికి గుప్పెడు ఎండు పేడ పొడి కలిపింది: 9.4. నెర్రెలు లేవు, కింద పడేసినా పగల్లేదు, కాకపోతే పైన గరుకు.

ఎండాకాలం రేగడి చేలో కాలు దిగబడేంత నెర్రెలు ఎందుకు పడతాయో మొదటి పట్టీ చూస్తే తెలుస్తుంది. నీళ్లు తాగితే ఉబ్బే మట్టి, ఎండితే అంతా వెనక్కిచ్చేస్తుంది. చేనుకు మంచిది, ఎద్దుకు కాదు. ఇసుక హాలహర్వి వైపు చుట్టాలింటినుంచి తెచ్చింది, వేదవతి ఇసుక. మేం హగరి అంటాం.

నాలుగో మట్టితో ఎద్దు చేసి, పైన మూడో మట్టిని పలచగా కలిపి గుడ్డతో పూయాలని తేల్చుకున్నాం.

ఇప్పటిదాకా: 23 గంటలు. 35 రూపాయలు.

ఐదో దశ: ఎద్దులు

జూన్ 8.

మొదటి జత. కాళ్లు గట్టిగా ఉండాలని లోపల చీపురుపుల్లలు పెట్టా. సిమెంటు పిల్లర్‌కు కమ్మి వేసినట్టు అనుకున్నా. ఆరబెట్టింది కూడా ఎండలో. జూన్ 10 సాయంత్రం వాడు ఫోటో పంపాడు. ఎనిమిది కాళ్లలో ఆరు నిలువునా పగిలాయి. మట్టి కుంచించుకుంటోంది, పుల్ల కుంచించుకోదు. మట్టే పగలాలి. కమ్మి లెక్క మట్టికి పనికిరాదు. ఒక ఎద్దు కడుపు కింద కూడా నెర్రె, సన్నటి కాళ్లు ముందు ఆరి లావు కడుపు తర్వాత ఆరినందుకు.

జూన్ 11, బుధవారం, ఏరువాక పున్నమి.

షాపు మూసి ఊరికి వచ్చా. పొద్దున అసలు ఎద్దులకు కొమ్ములకు రంగులు, మెడలో గంటలు. మధ్యాహ్నం కుమ్మరి పెద్దాయన ఇంటికి పగిలిన ఎద్దును పట్టుకుపోయా. ఆయన అమావాస్య కోసం అప్పటికే నలభై జతలు చూరు కింద వరసగా పెట్టాడు. నా ఎద్దును తిప్పి చూసి, కాలు విరిచి, లోపలి పుల్ల బయటికి లాగి నా చేతిలో పెట్టాడు.

"ఎద్దుకు ఎముకలు నువ్వు పెట్టాల్నా నాయనా? ముద్దలోంచే కాలు లాగు. అతికిచ్చొద్దు. ఆరేదానికి తొందరపడొద్దు."

ఆయన చేసి చూపించింది:

1. ఒకే ముద్ద, 400 గ్రాములు. రెండు రోజులు నానబెట్టి, కాళ్లతో తొక్కిన మట్టి.
2. ముద్దను రెండు చేతుల మధ్య దొర్లించి దోసకాయంత చేయాలి.
3. కింద నాలుగు మూలల నుంచి తడి వేళ్లతో కాళ్లు లాగాలి. తలా, మూపురమూ కూడా అదే ముద్దలోంచి.
4. చెవులు మాత్రం అతకాలి. అతికే చోట పుల్లతో గీతలు గీసి, జావ మట్టి పూసి నొక్కాలి.
5. రెండు రోజులు తడి గోనెపట్ట కింద, తర్వాత నీడలో.

రెండో జత అట్లాగే చేశాం. కొమ్ములకు కంపచెట్టు ముళ్లు, కొనలు రాయి మీద అరగదీసి మొద్దు చేశా. కండ్లకు అవ్వ గురివింద గింజలు తెమ్మంది. మా చిన్నప్పుడు అవే పెట్టేవాళ్లం, ఎర్రటి గింజ మీద నల్ల చుక్క, భలే ఉంటుంది. కానీ గురివింద గింజ విషం, పిల్లలు కొరికితే ప్రాణం మీదికొస్తుంది. మా ఇంట్లో రెండేళ్ల పిల్ల కూడా ఉంది కాబట్టి వద్దన్నా. జొన్న గింజలు పెట్టాం.

జూన్ 15.

గోనెపట్ట తీశా. నెర్రె ఒక్కటి కూడా లేదు. కానీ రెండు ఎద్దుల కండ్లలోంచీ మొలకలు వచ్చాయి. తెల్లటి వేరు చెంప మీదికి జారింది, పచ్చటి మోసు నుదుటి మీదికి లేచింది. తడి మట్టి, తడి గోనె, నాలుగు రోజులు, జూన్ నెల. జొన్న తన పని తాను చేసింది. ఏరువాక నాడు విత్తింది మేం ఇదొక్కటే అని అవ్వ పక్కింటి వాళ్లను పిలిచి మరీ చూపించింది. వాడు మొలకలు పీకనివ్వలేదు, ఆ రెండు ఎద్దులనూ చెంబుడు నీళ్లు పోస్తూ గోడ పక్కన పెట్టుకున్నాడు.

మొలకలు లేకున్నా ఆ జత పోయినట్టే. గోనెను మరీ తడిపినందుకు ముందరి కాళ్లు కడుపు బరువుకు కుంగి, ఎద్దులు కుక్కలు కూర్చున్నట్టు కూర్చున్నాయి.

మూడో జతకు మార్చినవి: గోనెను బాగా పిండి కప్పాలి, నీళ్లు కారకూడదు. కడుపు కింద ఎండు బెండు ముక్కలు పేర్చి ఆనించాలి. ఇటుక ముక్క పెడితే ఎద్దు కుంచించుకునేటప్పుడు అడ్డం పడుతుంది, బెండైతే తనూ నలుగుతుంది. బండి పనిలో మమ్మల్ని ఏడిపించిన ఆ మెత్తదనమే ఇక్కడ పనికొచ్చింది. కాలు లావు 22 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. కండ్లకు ఉలవలు, పెనం మీద మాడ్చినవి. మాడితే మొలవవు.

జూన్ 17న బెండు తీసేయమని ఫోన్లో చెప్పా. వీడియో కాల్ పెట్టి తీశాడు. ఆ రెండు నిమిషాలు నాకు షాపులో చెయ్యి ఆడలేదు, టెన్షన్. నిలబడ్డాయి.

మూడో జత కొలతలు: పొడుగు 13 సెంటీమీటర్లు, మూపురం దాకా ఎత్తు 9.5, తడి తూకం 410 గ్రాములు, ఆరాక 315. ఎడం ఎద్దుకు ఒక చెవి రాలిపోయింది. మళ్లీ అతకలేదు.

ఇప్పటిదాకా: 32 గంటలు. 55 రూపాయలు (సున్నం, కావి కలిపి 20).

ఆరో దశ: ఎద్దులు నడవాలి

జూన్ 22.

సున్నం పూసి, కొమ్ములకు కావి పెట్టాం. ఇంతలో ముందే ఆలోచించాల్సింది ఇప్పుడు తట్టింది. బండికి గాన్లున్నాయి, ఎద్దులకు లేవు. లాగితే కాళ్లు నేలకు గీసుకుని విరుగుతాయి. 46 గ్రాముల బండి ముందు 630 గ్రాముల ఎద్దులు.

ఆరు దంట్లు పక్కపక్కన పెట్టి, కింద రెండు అడ్డ దబ్బలతో కట్టి తెప్ప చేశాం, 22 × 9 సెంటీమీటర్లు. కింద రెండు ఇరుసులు, చెప్పు రబ్బరు చక్రాలు నాలుగు, అడ్డకొలత 4. చక్రాలకు చిల్లి కాల్చిన మేకుతో వేస్తే కంపుకు కంపు, చిల్లి కూడా పెద్దదైంది. స్పోక్ కొనను రాయి మీద సాన పట్టి తిప్పుతూ దింపితే చిల్లి బిగువుగా వచ్చింది.

తాడు మొదట కాడికి కట్టాం. లాగగానే ఎద్దులు రెండూ ముందుకు బోర్లాపడబోయాయి, వాడు పట్టుకున్నాడు. తాడు తెప్పకు, ముందు ఇరుసు దగ్గరే కట్టాలి. ఎద్దుల కాళ్లు ఇరుసుల మీదికి వచ్చేలా నిలబెట్టాలి, మధ్యలో పెడితే తెప్ప కుంగుతుంది. కాళ్లను తెప్పకు నూలు దారంతో కట్టాం, జిగురు లేదు.

ఇప్పటిదాకా: 36 గంటలు. 55 రూపాయలు. దంట్లు 31.

జూన్ 25, అమావాస్య

కుమ్మరి పెద్దాయన ఇంటినుంచి తెచ్చిన జత పూజలో, మా జత దాని పక్కన. అవ్వ రెండింటికీ ఓళిగ పెట్టింది. కుమ్మరి జత 60 రూపాయలు, మాది 55 రూపాయలు, 36 గంటలు. ఈ లెక్క మా అక్క వేసింది, నేను కాదు.

మధ్యాహ్నం మూడు గంటలకు ఇంటినుంచి రచ్చకట్ట దాకా. వాడి అడుగులు పోయేటప్పుడు 260. మధ్యలో సిమెంటు రోడ్డు అతుకు దగ్గర ఒక రబ్బరు బిళ్ల జారింది, మళ్లీ నెట్టి బిగించాడు. రచ్చకట్ట దగ్గర బండిలో ఇద్దరు పిల్లలు పత్తి గింజలు పోశారు, 80 గ్రాములు ఉంటాయేమో. లాగింది. వచ్చేటప్పుడు వాన తుంపర మొదలైంది, ఎద్దులను చొక్కా కింద పెట్టుకుని పరిగెత్తాడు. బండి రచ్చకట్ట మీద మిగిలిపోయింది.

జూన్ 26 పొద్దున పోయి చూస్తే రచ్చకట్ట మీద సైకిల్ స్పోక్ ఒకటి, రీఫిల్ ముక్కలు రెండు, రబ్బరు బిళ్లలు నాలుగు ఉన్నాయంట. చుట్టూ మేక పెంటికలు. జొన్నసొప్పకు మేక చేసేది అదే.

ఎద్దులు బాగున్నాయి. దంట్లు 9 మిగిలాయి. రాత్రి ఫోన్ చేశాడు. ఈసారి వాడొక్కడే మొదలుపెట్టాడంట, గాను 5.4 సెంటీమీటర్లే చేస్తున్నాడంట, పెద్దదానికి ఓపిక లేదంట. ఆదివారం వచ్చేటప్పుడు బ్లేడు ఒకటి తెమ్మన్నాడు.

"దబ్బలు నానేసినా మామా. బెండు నానేయలేదు" అన్నాడు.